మా రోలు కాలేజీకి పోయిన ఎండాకాలం

అయస్కాంతంతో చల్లదనం పుట్టించవచ్చని మా వీధికి మొదట చెప్పింది నేనే. కొళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి, నడుం మీద చేయి పెట్టుకుని మరీ చెప్పాను. "ఇంగ రెండేండ్లు ఆగండి. మోటారు లేకుండా, గ్యాసు లేకుండా, ఇంత బిళ్లతో నీళ్లు సల్లబడతాయి. మా సారు చేస్తాండాడు" అన్నాను. ఆ మాటకు తర్వాత చాలా ఏళ్లు అనుభవించాను. ఎండలు ముదిరితే చాలు, ఎవరో ఒకరు మా గుమ్మం ముందు ఆగి, "అక్కా, మీ అయస్కాంతం నీళ్లు ఒక చెంబు పోస్తావా?" అని అడిగేవారు. అడిగితే అడిగారు, నోరు జారింది నేను కదా.

నాకు అక్షరాల్లో వచ్చింది నా సంతకం ఒక్కటే. చెప్పేది నేను, రాసేది మా కోడలు. నా తెలివితక్కువతనం వచ్చిన చోటల్లా ఆమె కలం బాగా చురుగ్గా నడుస్తోంది, అది నేను గమనిస్తూనే ఉన్నాను.

మా ఆయన అనంతపురంలో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం ల్యాబుకు అటెండరు. డెబ్బైల చివర్లో, వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లలో, కామెర్లు వచ్చి పోయాడు. ఆయన చోట నన్ను తాత్కాలికంగా తీసుకున్నారు. తాత్కాలికం అంటే ఆరు నెలలకొకసారి హెడ్ క్లర్కు నన్ను పిలిచి, ఇంకా ఉన్నావా అన్నట్టు కింది నుంచి పైకి చూసి, ఇంకో ఆరు నెలలు రాసేవాడు. మూడేళ్లు అలా గడిచాక, ఇక పొడిగించడం కుదరదు, ఈ ఎండాకాలం దాటేలోపు పర్మినెంటు అయితే ఉంటావు, లేకపోతే ఇంటికి పోతావు అని చెప్పాడు. పర్మినెంటు కావాలంటే నాకు ల్యాబు పని వచ్చునని, అక్కడ పాఠం చెప్పే మా సారు కాగితం రాసివ్వాలి. ఊడ్చడం వచ్చు, తుడవడం వచ్చు అని రాస్తే చాలదు. సామాన్ల పని వచ్చునని రాయాలి. ఈ కథలో నేను చేసినవన్నీ ఆ కాగితం కోసం చేసినవే.

సారుది ధర్మవరం. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడు. నాలాంటిదానికి కూడా అర్థమయ్యేదాకా చెప్పే ఓపిక ఉన్న మనిషి. మొదట్లోనే ఒకరోజు గోళీ అంత నల్ల బిళ్లను అరచేతిలో పెట్టుకుని నాకు చూపించాడు.

"దీన్ని పెద్ద అయస్కాంతం మధ్యలో పెడితే కొంచెం వేడెక్కుతాదమ్మా. ఆ వేడి గాలికి పోయేదాకా ఆగి, అప్పుడు అయస్కాంతం తీసేస్తే, మొదట ఉన్నిందానికన్నా సల్లబడతాది. అంతే కత."

"అంత సులువైతే ఇన్ని దినాలు ఎవురూ ఎందుకు చేయలేదు సార్?"

"ఆడనే ఉండాది చిక్కు. ప్రతి బిళ్లకూ ఒక వేడి ఉంటాది. ఆ వేడి దాటితే అది అయస్కాంతాన్ని ఒదిలేస్తాది. ఆ ఒదిలే వేడి దగ్గరనే సల్లదనం బాగా పుట్టేది. పై దేశాలోళ్లు వాడే లోహం వాళ్ల గదికి సరిపోతాది. వాళ్ల గది అంటే మనకు సంక్రాంతి ముందు తెల్లారుజామున ఉండే సలి. మన గది ఎట్లుంటాదో నీకు తెలుసు కదా."

తెలియకేం. ల్యాబు పైకప్పు మధ్యాహ్నానికి పెనంలా కాలేది. ఆ మేనెల మధ్యాహ్నపు గదికి సరిపడే బిళ్ల కోసం సారు రెండేళ్లుగా పొడులు కలుపుతున్నాడు. ఎర్రది ఒకటి, ఇనుప తుప్పు లాంటిది. పచ్చది ఒకటి, నికెలు. తెల్లది ఒకటి, జింకు. ఈ మూడూ తూచి, కలిపి, నూరి, బిళ్లగా నొక్కి, కరెంటు పొయ్యిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాల్చాలి. తెల్ల పొడి ఎక్కువైన కొద్దీ బిళ్ల తక్కువ వేడికే అయస్కాంతాన్ని వదిలేస్తుంది. ఇదంతా విని నేను, చారులో ఉప్పూ పులుపూ సరిచూసుకునే పనే కదా, ఇంత చదువు ఎందుకు అనుకున్నాను. పైకి అనలేదు, అదొక్కటే నేను చేసిన మంచి పని.

ఏ బిళ్ల ఎంత వేడికి వదులుతుందో చూడడం మాత్రం తమాషాగా ఉండేది. చిన్న అయస్కాంతానికి బిళ్లను అతికించి, గాజు గ్లాసులో నీళ్లలోకి వేలాడదీసి, కింద దీపం పెట్టేవాడు. థర్మామీటరులో గీత మెల్లగా ఎక్కేది. ఎక్కడో ఒకచోట టప్‌మని బిళ్ల ఊడి గ్లాసు అడుగున పడేది. వెంటనే వేడి ఎంతో రాసుకుని, గళ్ల కాగితం మీద చుక్క పెట్టేవాడు. తెల్ల పొడి మరీ ఎక్కువైన బిళ్లలు మామూలుగా అయస్కాంతానికి అసలు అతుక్కునేవి కావు. వాటిని ఐసు నీళ్లలో ముంచి చల్లబరిస్తే అప్పుడు అతుక్కునేవి. ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో చుట్టి ఐసుగడ్డ తెచ్చేది నేనే. వీధిలో మా పక్కింటి వదిన అది చూసి, "సల్లదనం పుట్టిచ్చే సారు ఐసు కొనుక్కోని పోతాడా?" అని అడిగింది. ఐసు కరిగిపోతుందని చెప్పి గబగబా నడిచాను.

పొడి నూరే పని నాకు ఇచ్చినప్పుడు, కాగితానికి ఇదే దారి అనుకున్నాను. నూరడానికి సారు ఇచ్చిన రోలు చూస్తే ఏడుపు వచ్చింది. గాజులా నున్నగా మెరిసే చిన్న గిన్నె, అందులో వేలెడంత బండ. పిల్లలు ఆడుకునే లక్కపిడతలా ఉంది. దాంట్లో ఆరు గంటలు ఆపకుండా నూరాలట. మూడు బిళ్లల పొడి అలాగే నూరాను. మణికట్టు వాచి, రాత్రి సంగటి ముద్ద కూడా ఎడమ చేత్తో కలపాల్సి వచ్చింది.

నాలుగో పొడి తూచి ఇచ్చి సారు బెళుగుప్పలో బంధువుల పెళ్లికి బయలుదేరాడు.

"నూరి, నొక్కి పెట్టమ్మా. నేను రేపు సాయంత్రానికి గానీ రాను. పొద్దున్నే పొయ్యిలో పెట్టేస్తావా?"

"పెట్టేస్తా సార్. చూసినా కదా మీరు పెట్టేది."

చూశాను. చూసినట్టు చూశాను. ఆయన గేటు దాటగానే ఆ పొడి సీసా కొంగున ముడేసుకుని ఇంటికి పోయాను. మా ఇంట్లో రోలు ఉంది. పదిమందికి చెనక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగల పచ్చడి, ఒక్క చేత్తో రుబ్బే రోలు. చింతపండు వేసి మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, పొడి పోసి, గుండు పట్టుకుని తిప్పాను. గంటలో ఆరు గంటల పని అయిపోయింది. వేళ్ల మధ్య రాసి చూస్తే ముఖానికి వేసుకునే పౌడరు కన్నా మెత్తగా ఉంది. లక్కపిడతతో ఇన్ని రోజులు చేతులు విరగ్గొట్టుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. వారం పాటు మా ఊరిబిండి ఎర్రగా వచ్చింది. రుచి చూసిన పక్కింటి వదిన, "కొత్త మిరపకాయలా?" అని అడిగింది. అవునన్నాను.

మర్నాడు పొద్దున బిళ్లను నొక్కి, కంసాలి మూస లాంటి తెల్లటి చిన్న గిన్నెలో పెట్టి, మూత పెట్టి, పొయ్యిలోకి తోసి స్విచ్చి వేశాను. సాయంత్రం సారు వచ్చేసరికి పొయ్యి చల్లారుతోంది. ఆ మరుసటి పొద్దున ఆయన రాకముందే నేనే బిళ్లను తీసి బల్ల మీద పెట్టాను.

ఆ నాలుగో బిళ్లలో తెల్ల పొడి ఎక్కువ. లెక్క ప్రకారం దానికి ఐసు కావాలి. పొట్టు విదిలించి ఐసు పగలగొడుతున్నాను, వెనక సారు కేక వినబడింది. చూస్తే బిళ్ల మామూలుగానే అయస్కాంతానికి కరుచుకుని ఉంది. నీళ్లలో వేలాడదీసి దీపం పెట్టాడు. గీత ఎక్కింది, ఎక్కింది. సరిగ్గా మా గది మేనెల మధ్యాహ్నం ఎంత వేడిగా ఉంటుందో అక్కడికి వచ్చి టప్‌మంది.

"ఇదేనమ్మా! ఇదే నేను రెండేండ్ల నుంచి ఎతుకుతాండేది! నువ్వు ఏం చేసినావు?"

"నూరినా సార్."

"ఎట్ల నూరినావు?"

"బాగా నూరినా" అన్నాను. అబద్ధం కాదు కదా.

అక్కడి నుంచి నా కష్టాలు. ఆ బిళ్ల లాంటివే ఇంకా చేయాలని సారు అవే తూకాలతో మళ్లీ పొడి కలిపాడు. ఈసారి నేను బుద్ధిగా లక్కపిడతలోనే నూరాను. పొయ్యిలో ఆయనే పెట్టుకున్నాడు. ఆ బిళ్లకు ఐసు కావాల్సి వచ్చింది. ఇంకొకటి చేశాడు, దానికీ ఐసే. ఇంకొకటి, మళ్లీ ఐసు. గళ్ల కాగితం మీద చుక్కలన్నీ వరసగా కిందికి జారుతుంటే, నా చుక్క ఒక్కటి గోడ మీద కోడిలా పైన కూర్చుని ఉండేది. బల్ల తుడిచేటప్పుడు ఆ కాగితం వైపు చూడకుండా తుడిచేదాన్ని. ఆ బిళ్లలో ఏదో కొత్త సంగతి ఉందని సారు మద్రాసులో పెద్దలకు జాబు రాశాడు. వాళ్లు వచ్చి చెప్పమన్నారు. తర్వాత తూచే త్రాసు మీద అనుమానం వచ్చింది, దాన్ని విప్పాడు. థర్మామీటరు మార్చాడు. చివరికి తన మీదే అనుమానం వచ్చి అద్దాలు మార్చుకుని వచ్చాడు.

నోరు తెరిస్తే పని పోతుంది. తెరవకపోతే ఆయన పరువు పోతుంది. నేను నా పనినే చూసుకున్నాను, మూడు వారాలు. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మద్రాసు వెళ్లే ముందు సారు నన్ను పిలిచి, కాగితం మడిచి చేతిలో పెట్టాడు.

"ఇదిగోమ్మా, నీ పర్మినెంటుకు. ఆ నాలుగో బిళ్లంత బాగా ఇంకెవురూ నూరలేరని రాసినా. హెడ్ క్లర్కుకు ఇయ్యి."

ఆ నాలుగో బిళ్ల అనకపోయి ఉంటే తీసుకుని పోయేదాన్నే. ఆ మాట విన్నాక కాగితం చేతిలో నిలవలేదు. బల్ల మీద పెట్టేశాను.

"సార్, ఈ కాగితం ఒద్దు."

"ఏమైంది?"

"ఆ పొడి నేను మీ రోట్లో నూరలేదు సార్. మా ఇంటి రోట్లో రుబ్బినా."

సారు కొత్త అద్దాలు తీసి నా వైపు చూశాడు. "మీ ఇంటి రోట్లోనా? దాంట్లో ఏం రుబ్బుతారు?"

"ఊరిబిండి."

"కడిగినావా?"

"మూడుసార్లు, చింతపండేసి."

"ఆ మీదట మళ్లీ ఊరిబిండి రుబ్బినావా?"

"రుబ్బకుంటే సంగట్లోకి ఏం తింటాము సార్?"

"తిన్యారా?!"

"ఎర్రగా ఉన్నింది గానీ, బాగానే ఉన్నింది."

ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర చీపురు అందుకున్నాను, ఊడ్చడానికి కాదు, వెళ్లేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలని. సారు కాగితాన్ని సొరుగులో పెట్టేసి, నేను కలలో కూడా అనుకోని మాట అన్నాడు.

"ఆ రోలు ఈడికి తెప్పిచ్చు."

తోపుడు బండి మీద, కింద గోతం పరిచి, రోలునూ గుండునూ ఎక్కించి తోసుకుంటూ బయలుదేరాను. వీధంతా బయటికి వచ్చింది.

"ఏమొదినా, రోలుకు కాలేజీలో సీటు వచ్చిండాదా?" అంది పక్కింటి వదిన.

"నీకు రాలేదని కుళ్లా?"

"నాకేం కుళ్లు! రేపు మా తిరగలిని కూడా తోల్కపో. పదో తరగతిలో ఆగిపోయిండాది."

కాలేజీ గేటు దగ్గర హెడ్ క్లర్కు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇదేందమ్మో! దీన్ని ఏ రిజిస్టరులో ఎక్కిచ్చల్ల? సామానా, సిబ్బందా?"

ఇప్పుడు నాకు సిగ్గు వేసే సంగతి చెప్పాలి. అంతదాకా భయంతో చచ్చినదాన్ని, రోలు ల్యాబులో దిగేసరికి నాకు గర్వం మొదలైంది. మహత్యం రోటిలోనే ఉంది అనుకున్నాను. చూడడానికి వచ్చిన పిల్లలను చెప్పులు బయట విడవమన్నాను. ఇది మా అవ్వ కాలం నాటి రోలని, లేపాక్షి బసవన్నను చెక్కిన రాతిలోదే ముక్క అని కూడా చెప్పాను. లేపాక్షికీ మా రోటికీ ఏ సంబంధమూ లేదు. అది రాప్తాడు దగ్గర రోడ్డు పక్కన కొన్నది, నేనే బేరమాడాను.

సారు ఎదురుగా కూర్చుంటే రుబ్బాను. చేతి గాజులు లేవు గానీ, ఉంటే ఆరోజు ఎంత మోగించి ఉండేదాన్నో. బిళ్ల నొక్కాం. సారు తన చేత్తోనే మూసలో పెట్టి పొయ్యిలోకి తోశాడు. మర్నాడు తీసి అయస్కాంతం దగ్గర పెడితే, అతుక్కోలేదు. ఐసు పెడితే అతుక్కుంది. అచ్చం లక్కపిడతలో నూరిన వాటిలాగే.

ల్యాబు మధ్యలో ఆ రోలు ఊరికే రోలులా ఉండిపోయింది. చెప్పులు విడిచిన పిల్లలు మళ్లీ వేసుకున్నారు. గొప్ప తప్పు చేశాననుకుని మూడు వారాలు ఏడ్చాను, గొప్ప పని చేశాననుకుని ఒక రోజు ఎగిరాను, ఇప్పుడు చూస్తే నా రోలు మంచీ చేయలేదు, చెడూ చేయలేదు.

సారు మాత్రం వదల్లేదు. "ఇంగొకతూరి చెయ్యమ్మా. అంతా నువ్వే చెయ్యి, ఆ పొద్దు ఎట్ల చేసినావో అట్లనే. నేను ముట్టుకోను, చూస్తా."

రుబ్బాను. నొక్కాను. మూసలో పెట్టాను. పైన మూత పెట్టి, పొయ్యి తలుపు తీయబోయాను.

"ఆగు! అదేంది?"

"మూత పెట్టినా సార్."

"అట్లనా పెట్టేది?"

మూత చూశాను. సరిగ్గానే ఉంది. ఒక పక్కకు జరిపి, వేలు పట్టేంత సందు వదిలి ఉంది. "మరెట్ల? పూర్తిగా మూస్తే పొంగదా సార్?"

"పొంగేకి అది బియ్యమా!"

నలభై ఏళ్ల వయసు దాకా ఎసరు మీద మూత ఓరగా పెట్టిన చేయి అది. పొయ్యి మీద గిన్నె అంటే సందు వదలాల్సిందే. కరెంటు పొయ్యి అయితే ఏమిటి, కట్టెల పొయ్యి అయితే ఏమిటి, నా చేతికి తేడా తెలియలేదు.

సారు కుర్చీలో కూలబడి నాకు చెప్పాడు. అంత వేడికి తెల్ల పొడి ఆవిరై లేస్తుందట. మూత బిగించి ఉంటే లోపలే ఉంటుంది. సందు ఉంటే పోతుంది. తెల్లది తగ్గింది గనుకే నా బిళ్ల ఎక్కువ వేడి దాకా అయస్కాంతాన్ని పట్టుకుంది.

"పోయింటే పొయ్యి తలుపుకు తెల్లగా అంటుకోని ఉండల్ల కదా. ఆ దినం అట్లాంటిదేమీ నాకు కనపడలేదే!" అన్నాడు.

ఆ బిళ్లను తీసేటప్పుడు పొయ్యి తలుపుకు లోపల తెల్లగా బూజులా పట్టి ఉండడం నేను చూశాను. సారు వచ్చేలోపు శుభ్రంగా ఉండాలని తడిగుడ్డతో తుడిచేశాను. మెచ్చుకుంటాడని.

"నేనే తుడిచినా సార్" అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "మీ ఊరిబిండిలో కొత్త శాస్త్రం ఉండాదని నేను మద్రాసుకు జాబు రాసినానమ్మా. నీకన్నా పెద్ద మొద్దును నేను. లెక్క ఎదురుగానే ఉండాది. తెల్లది ఆ సందులో ఎంత పోయిందో, అంత ముందే తగ్గిచ్చి తూచి, మూత బిగిస్తే అయిపోలా?"

మద్రాసు ప్రయాణం ఆపుకుని అలాగే చేశాడు. రెండు బిళ్లలు తప్పాక మూడోది కుదిరింది. మేనెల మధ్యాహ్నం, మూత బిగించి, లక్కపిడతలో నూరి, నా రోలు ప్రమేయం లేకుండా. చుక్క వచ్చి వరసలో కూర్చుంది. కరెంటుతో నడిచే పెద్ద అయస్కాంతం మధ్యలో బిళ్లను పెట్టి, వేడి పోనిచ్చి, అయస్కాంతం ఆపిన రోజు నన్ను కూడా పిలిచాడు. నేను కుండెడు చల్లనీళ్లు వస్తాయని చెంబు కడిగి పట్టుకుని వెళ్లాను. మీటరు ముల్లు వెంట్రుక మందం కదిలింది. అర డిగ్రీ కూడా లేదట. సారు చిన్నపిల్లాడిలా ఎగిరాడు. వేడి అంబలి మీద నేను ఒక్కసారి ఊదితే ఇంతకన్నా చల్లబడుతుంది అనుకున్నాను. చెంబు వెనక్కి దాచుకున్నాను.

ఇంతలో గడువు వచ్చింది. హెడ్ క్లర్కు పిలిచాడు. పాత కాగితం సొరుగులోనే ఉండిపోయింది, దాన్ని అడిగే ముఖం నాకు లేదు. ఇక ఇంటికేనని రోలు తీసుకుపోవడానికి బండి మాట్లాడుకుని, ఆఫీసుకు వెళ్లాను. అక్కడ సారు పంపిన కొత్త కాగితం హెడ్ క్లర్కు చేతిలో ఉంది. నలుగురూ వినేలా గట్టిగా చదివాడు.

"'ఈమె చెప్పిన పనిని చెప్పినట్టు చేయదు.'" అక్కడ ఆపి నా వైపు చూశాడు. "ఇంత మంచిగా ఎవురికీ రాయలేదమ్మో మీ సారు."

గుమాస్తాలు నవ్వారు. నేను నేల చూశాను.

"'అయితే తాను ఏమి చేసినదీ దాచకుండా చెప్పును. మా ప్రయోగశాలకు ఇది అవసరము. ఈమెను పర్మినెంటు చేయవలసినదిగా కోరుచున్నాను.'" కాగితం మడిచాడు. "దాచకుండానంట! ఏం చెప్పినావమ్మో?"

"మూడు వారాలు దాచినాకనే చెప్పినా సార్" అన్నాను.

"సరేలే. సంతకం వచ్చునా, ఏలిముద్రనా?"

సంతకం చేశాను. తొందరలో నా పేరులో ఒక అక్షరం మింగేశాను. ఆ మింగిన పేరుతోనే రిటైరయ్యాను.

మాట్లాడుకున్న బండి వచ్చి గేటు దగ్గర నిలబడితే, రోలును ఎక్కించి ఇంటికే పంపించాను. దానికి పర్మినెంటు కాలేదు. పక్కింటి వదిన, "ఫెయిలయ్యిండాదా?" అని అడిగిందట.

నేను ల్యాబుకు తిరిగి వచ్చి, రోజూ చేసే పనే చేశాను. మట్టికుండలో నీళ్లు నింపి, చుట్టూ తడిగుడ్డ చుట్టి, కిటికీ పక్కన పెట్టాను. సారు వచ్చి ఒక గ్లాసు ముంచుకుని తాగాడు. "సల్లగా ఉండాయమ్మా" అన్నాడు. వెళ్తూ వెళ్తూ కుండ మీద నేను ఓరగా పెట్టిన మూతను సరిగ్గా జరిపి, వెళ్లిపోయాడు.